మేనత్త మోసిన బిడ్డ

జులై 6, ఆదివారం

మా షెర్లీ ఇవాళ ఆ అబ్బాయిని భోజనానికి తీసుకొచ్చింది. పేరు గావిన్. సైబర్‌జయలో ఇద్దరిదీ ఒకే ఆఫీసు. పిల్లాడు బాగానే ఉన్నాడు. చేప ముళ్ళు శుభ్రంగా తీసి తిన్నాడు, తిన్న పళ్ళెం తనే కడిగాడు. తెలుగువాడు, పైగా కేథలిక్. ఈ రోజుల్లో మా క్లాంగ్ ఊళ్ళో అలాంటి అల్లుడు కావాలంటే దుర్భిణీ వేసి వెతకాలి. వాళ్ళది బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి ఎస్టేటట. అంటే మా తాత ఉన్న ఎస్టేటే! సంతోషం పట్టలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళి మా ఆయన రూబన్‌ని గిల్లాను కూడా.

తర్వాత నోరు ఊరుకోక అడిగాను: "ఎవరి మనవడివి బాబూ?"

"కన్నబాబు తాత మనవడ్నాంటీ. మా నాన్నకి నాన్న. తాతకి మాత్రం నాన్న లేడు. దాలమ్మ అని వాళ్ళమ్మ ఒక్కతే పెంచింది. ఐసీ కార్డులో కూడా తండ్రి పేరు లేదు లాహ్," అన్నాడు నవ్వుతూ, రసం పోసుకుంటూ.

ఈ రోజు ఎండ ఎక్కువ అన్నంత తేలిగ్గా చెప్పేశాడు!

"ఏటమ్మా, మొగం అలా పెట్టినావు?" అంది షెర్లీ.

నేనేం పెట్టలేదు. నా మొహమే అంత.

గోడ మీద మా తాత ఫొటో. ఉపదేశి దేవసహాయం. ఫాదర్ నెలకొకసారి పడవలో వచ్చే రోజుల్లో మిగతా రోజులన్నిటికీ ఆయనే చర్చి. జపాలు ఆయనే చెప్పించేవాడు, శవాలకి ప్రార్థన ఆయనే చేసేవాడు, నాకు తెలుగు అక్షరాలు దిద్దించిందీ ఆయనే. ఇదిగో ఈ డైరీ రాస్తున్నది ఆయన నేర్పిన అక్షరాలతోనే. మనిషి నిప్పు. పెళ్ళి కాకుండా కడుపు తెచ్చుకున్న ఒకామెను ఏడాది పాటు గుడి గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద ఉంచాడట, లోపలికి అడుగు పెట్టనివ్వలేదట. మా ఇంట్లో క్రిస్మస్‌కి అందరూ కూర్చున్నప్పుడల్లా చెప్పుకునే కథ అది. అలాంటి ఇంటి పిల్లని తండ్రి పేరు లేని ఇంటికి ఇవ్వడమా?

నాకు పట్టింపులు లేవు. ఉన్నాయని రూబన్ అంటాడు.

జులై 7

బాగా ఆలోచించాను. అడగడం తప్పు కాదు. ఇంటిపేరు తెలియకుండా పిల్లనెలా ఇస్తారు? రేపు ఆ ముసలాయన తండ్రిది రూబన్ వాళ్ళ ఇంటిపేరే అని తేలితే? అన్నాచెల్లెళ్ళ వరస అయితే? పోర్టులో నా పని అదే కదా. కంటైనర్ ఎవరి పేరు మీద వచ్చిందో కాగితంలో లేకపోతే గేటు దాటనివ్వను. డ్రైవర్ ఎంత మొత్తుకున్నా సరే. ఇనప డబ్బాకే అంత చూస్తే కన్నకూతురికి చూడొద్దా?

ఊరికే తెలుసుకుందామని. అంతే.

జులై 13, ఆదివారం

రెండో ఆదివారం. ఎస్టేటు చర్చిలో నెలకి ఈ ఒక్క రోజే పూజ. రూబన్ కారు నడిపాడు, షెర్లీ వెనక సీట్లో ఫోను చూసుకుంటూ కూర్చుంది. చర్చి పక్క హాలు మీద తాత పేరు కొత్తగా రంగు వేశారు. చూస్తే కడుపు నిండింది. పూజ అయ్యాక అందరూ "ఉపదేశిగారి మనవరాలు వచ్చినాది" అని చుట్టూ చేరారు. జయమణి ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అక్కడి నుంచి గావిన్ వాళ్ళింటికి వెళ్ళాం. కన్నబాబుగారు పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. డెబ్బై ఆరేళ్ళు, అయినా చేతులు ఆడుతూనే ఉన్నాయి. లేత బొండాలు కొట్టి ఇచ్చాడు.

"ఉపదేశిగారి మనవరాలివా? ఆ ఇంటోళ్ళు మా గుమ్మమెక్కడం ఇదే మొదలమ్మా."

మర్యాదగా అన్నాడనుకుని నవ్వాను. బొండం నీళ్ళు తాగి, విషయానికి వచ్చాను. "అంకుల్, పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు, సంతోషమే. మీ నాన్నగారెవరో ఒక మాట చెబితే మిగతావి మాట్లాడుకుందాం."

గావిన్ తండ్రి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన మొహం నల్లబడింది. కన్నబాబుగారు మాత్రం ఒలుస్తూనే ఉన్నాడు.

"మా యమ్మ సెప్పనేదు. నాను అడగనేదు."

"ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది కదండీ."

"తెలిసే ఉంతాది."

"అయితే చర్చి రిజిస్టర్లు చూస్తాను. పేరు తెలిసిన రోజునే పెళ్ళి మాట."

"సూడమ్మా. సదువుకున్నదానివి."

గావిన్ తండ్రి లోపలికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. దారిలో షెర్లీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రూబన్ మాత్రం, "నీకు నోరు ఇచ్చినోడు తాళం ఇవ్వడం మరిసిపోనాడు," అన్నాడు.

జులై 14

షెర్లీ మాట్లాడటం లేదు. అన్నం మాత్రం తింటోంది. కాబట్టి పెద్ద కోపం కాదు.

జులై 19, శనివారం

పాత ఎస్టేటు చర్చిల రిజిస్టర్లన్నీ ఇప్పుడు టౌనులో పెద్ద చర్చి ఆఫీసులో ఉన్నాయి. అక్కడి తమిళమ్మాయి కళైవాణి ఓపిక గలది. బట్టలో చుట్టిన బాప్తిస్మం పుస్తకం తెచ్చి, నా చేత చేతులు కడిగించి మరీ ముట్టుకోనిచ్చింది. రాసింది ఒక ఫ్రెంచి ఫాదర్, అంతా లాటిన్.

దొరికింది. 1949, ఫిబ్రవరి. బిడ్డ పేరు జోసఫ్ కన్నబాబు. తల్లి దాలమ్మ. తండ్రి గడిలో రెండు లాటిన్ మాటలు.

"తండ్రి తెలియదు అని అక్కా," అంది కళైవాణి. "ఇలాంటివి చాలా ఇరుక్కు."

బిడ్డకి పూచీగా నిలిచే జ్ఞానతండ్రి చోట గంట కొట్టే ముసలాయన పేరు. జ్ఞానతల్లి చోట ఎవరనుకున్నావు? రాహేలమ్మ! మా రాహేలమ్మ మామ్మ, తాత చెల్లెలు! చూడగానే కళ్ళు చెమర్చాయి. ఎవరూ ముట్టని బిడ్డని మా ఇంటి ఆడపడుచే ఎత్తుకుందన్నమాట. ఎంత దయగల మనిషి! ఇంటికొచ్చి రూబన్‌కి చెప్పాను. తల ఊపి టీవీ పెట్టుకున్నాడు.

సాయంత్రం తమ్ముడు జార్జ్ ఫోను. ఇన్నేళ్ళకి పుట్టిన వాడి కొడుక్కి వచ్చే నెల మూడున బాప్తిస్మం. "అక్కా, మేనత్తవి నువ్వే మొయ్యాల. లేటు సెయ్యకు, ఫాదర్ ఆగడు." నాకు చెప్పాలా? మా ఎస్టేటు వాళ్ళలో ముందు నుంచీ అంతే. ఎవరి బిడ్డనైనా నీళ్ళ దగ్గరికి మోసేది తండ్రి తోడబుట్టినదే, పుస్తకంలో జ్ఞానతల్లిగా ఎక్కేదీ ఆమె పేరే. జ్ఞానస్నానం రాకముందు ఉయ్యాల్లో వేసి పేరు పెట్టేదీ మేనత్తేనట, ఆ హక్కు అలాగే చర్చిలోకి వచ్చింది. షెర్లీకి రూబన్ అక్క ఈపో నుంచి రావడం ఆలస్యమైతే, అందరూ గంటన్నర ఎండలో నిలబడ్డారు గాని ఇంకొకరి చేతికి పిల్లని ఇవ్వలేదు.

జ్ఞానతల్లి గడి సంగతి అలా ఉంచితే, తండ్రి గడి ఖాళీయే. నేను చెయ్యగలిగింది చేశాను.

జులై 20

రాహేలమ్మ మామ్మ మంచి మనిషి. మా ఇంటికి ఎప్పుడూ వచ్చేది కాదు గాని, మంచి మనిషి.

జులై 24

గావిన్ తండ్రి రూబన్‌కి మెసేజ్ పెట్టాడు. మర్యాదగానే ఉంది: "మా నాన్నని ఆయన ఇంట్లోనే నిలబెట్టి పుట్టుక అడిగినారు. ఇంక ఈ సంబంధం వద్దు. మీ అమ్మాయి మంచిది, ఆమె మీద మాకు కోపం లేదు."

నిలబెట్టానా? ఆయన కూర్చునే ఉన్నాడు.

షెర్లీ గది తలుపు వేసుకుంది. అన్నం కూడా తినలేదు.

ఆగస్టు 3, ఆదివారం

మధ్యాహ్నం మూడయింది. అక్కడ జార్జ్ ఇంట్లో అందరూ బిర్యానీ తింటున్నారు. నేను తలనొప్పని చెప్పి వచ్చేశాను.

తెల్ల గౌనులో బాబుని నా చేతుల్లో పెట్టారు. బరువుగా, వెచ్చగా ఉన్నాడు, నా మెడలో గొలుసు పట్టుకుని లాగుతున్నాడు. నీళ్ళ తొట్టి దగ్గరికి నడుస్తున్నాను. పక్క బెంచీలో చిన్నపిల్ల ఎవత్తో వాళ్ళమ్మని అడిగింది, ఈ ఆంటీ ఎవరు, వాళ్ళమ్మ ఎందుకు ఎత్తుకోలేదు అని. ఆ అమ్మ చెప్పింది: "మేనత్తే. మేనత్త కాక ఇంకెవులు మోస్తారు?"

ఇంకెవులు మోస్తారు.

ఫాదర్ బిడ్డ పేరేమిటని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. మళ్ళీ అడిగాడు. నా కళ్ళ ముందు ఆ లాటిన్ గీతలు, జ్ఞానతల్లి గడిలో రాహేలమ్మ పేరు. చేతుల్లో బాబు ఉన్నాడన్నదే మరిచిపోయాను. జార్జ్ "అక్కా!" అని కింద చెయ్యి పెట్టకపోతే బాబు తొట్టిలో పడేవాడే.

రాహేలమ్మ ఎవరికి మేనత్త? ఆమెకి తోడబుట్టినవాడు ఒక్కడే.

ఆగస్టు 4

కాదు.

ఆగస్టు 5

దిక్కులేని బిడ్డలందరినీ ఆమే ఎత్తుకుని ఉంటుంది. ఉపదేశి చెల్లెలు కదా, అది ధర్మం. ఒక్క గడి చూసి ఇంత ఊహించుకోవడం నా బుద్ధిలేనితనం. ఇంకోసారి వెళ్ళి చూస్తే పోతుంది.

ఆగస్టు 9, శనివారం

చూశాను. చూడకుండా ఉండాల్సింది.

కళైవాణిని బతిమాలి ఆ ఎస్టేటు బాప్తిస్మాలన్నీ వెతికించాను. తండ్రి తెలియని బిడ్డలు ఇంకా ఉన్నారు. ఒక్కరికీ రాహేలమ్మ జ్ఞానతల్లి కాదు. ఆమె పేరు ఉన్నది మా నాన్నకి, మా ఇద్దరు అత్తలకి, కన్నబాబుకి. అంతే. దేవసహాయం పిల్లలకి తప్ప ఆమె ఇంకెవరినీ మొయ్యలేదు.

ఇంకో పిచ్చి పని కూడా చేశాను, పెళ్ళిళ్ళ పుస్తకం అడిగాను. తాతకి నానమ్మతో పెళ్ళి 1950లో. కన్నబాబు పుట్టింది అంతకు ముందు. అప్పటికి తాత పెళ్ళి కానివాడు. దాలమ్మని చేసుకోవడానికి ఆయనకి అడ్డేమిటి? ఎవరు పట్టుకున్నారు?

కళైవాణి మంచినీళ్ళు ఇచ్చి, "దొరికిందా అక్కా?" అంది. లేదన్నాను. చర్చి ఆఫీసులో కూర్చుని అబద్ధం చెప్పాను.

ఆగస్టు 10

వంట చేస్తుంటే ఇంకొకటి తగిలింది. ఉల్లిపాయలు అలాగే వదిలేసి వచ్చి రాస్తున్నాను.

గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద ఉన్న ఆడది. ఏడాది. ఆమె పేరు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు. ఆ కథ చెప్పి మా నాన్న మీసం దువ్వేవాడు, మేం పిల్లలం కేకు తినేవాళ్ళం.

ఆమె దాలమ్మ.

శిక్ష వేసింది ఆయన. కడుపు చేసింది ఆయన. ఆమె గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద ఉంటే, లోపల పీఠం దగ్గర నిలబడి పది ఆజ్ఞలు చెప్పించాడు! ఛీ! ఛీ! ఏం మనిషి! ఏడాది పాటు ఆమెని దాటుకుని ఎలా లోపలికి వెళ్ళాడు?

ఫొటో ఇంకా గోడ మీదే ఉంది. తీద్దామని కుర్చీ ఎక్కి, దిగాను.

ఆగస్టు 12

వరస చూశాను. ఇన్ని రోజులూ వరస వరస అని గొంతు చించుకున్నదాన్ని, చూడకుండా ఎలా ఉంటాను?

కన్నబాబు, మా నాన్న ఒక తండ్రి బిడ్డలు. కన్నబాబు పెద్దవాడు. నేను ఆయనకి తమ్ముడి కూతుర్ని. గావిన్ తండ్రి నాకు తమ్ముడు. అంటే గావిన్‌కి నేను మేనత్తని. షెర్లీ మేనత్త కూతురు. శుద్ధమైన మేనరికం! ఇంతకంటే మంచి వరస మనవాళ్ళలో లేదు. ఫాదర్‌ని కూడా మాటవరసకి అడిగాను, తాతల తరం దాటిన చుట్టరికం చర్చికి అడ్డు కాదన్నాడు.

గురివింద గింజ తన నలుపెరగదట. పరువు తక్కువ ఇల్లని ఎవరిని కాదన్నానో వాళ్ళు మా ఇంటివాళ్ళే. పరువు తక్కువ పని చేసింది కూడా మా ఇల్లే. నవ్వు వచ్చింది. నవ్వాను కూడా, ఆఫీసులో, ఒక్కదాన్నే. పక్క సీటు ముగిలన్ భయపడి టీ తెచ్చి పెట్టాడు.

ఆగస్టు 15

రూబన్‌కి చెప్పేశాను. చాలాసేపు గోడ మీద ఫొటో చూశాడు.

"అయితే నాను మేనరికానికి పిల్లనిస్తన్నానన్నమాట," అన్నాడు. ఎంత పెద్ద మాట చెప్పినా ఈ మనిషి ముందు ఒక జోకు వేస్తేగాని మింగలేడు. తర్వాత అన్నాడు: "ఎవులికీ సెప్పకు. పేరు అక్కర్లేదు, మాకు పిల్లాడు నచ్చినాడు అని కబురెడదాం. గుట్టుగా అయిపోతాది."

నాకూ అదే బాగుందనిపించింది. అబద్ధం కాదు కదా. పేరు అక్కర్లేదు అంటే చాలు.

జార్జ్‌కి చెప్పకుండా ఉండాల్సింది. ఫోనులో అరిచాడు. "నీకేటైనా పిచ్చా అక్కా? ఆ హాలు మీద ఆయన పేరుంది! చచ్చిపోయినోడు వచ్చి జవాబు సెప్తాడా? నా కొడుక్కి ఆయన పేరే పెట్టినాను!" నిజమే. బాబు పేరు దేవసహాయం. నీళ్ళ దగ్గర నా నోట రాని పేరు అదే.

ఆగస్టు 17, ఆదివారం

కబురు పెట్టాం. జవాబు లేదు.

షెర్లీ వచ్చి మంచం అంచున కూర్చుంది. గావిన్ పెనాంగ్ ఆఫీసుకి బదిలీ అడిగాడట, వచ్చే నెల వెళ్ళిపోతాడట. "వాళ్ళ నాన్న మాట దాటడంట. నన్ను మాత్రం తిట్టలేదమ్మా. తిడితే బాగుండేది." దుప్పటి అంచు మడుస్తూ, "నువ్వే గెలిచినావు లాహ్," అంది. ఏడవలేదు. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే క్లాంగ్ అంతా వినపడేలా ఏడ్చేది.

నాకు దాని కాళ్ళు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. జుట్టు దువ్వుతానంటే వద్దంది.

ఆగస్టు 23, శనివారం

ఒక్కదాన్నే వెళ్ళాను. రూబన్‌కి కూడా చెప్పలేదు.

కన్నబాబుగారు ఈనెలు గీసి చీపురు కడుతున్నాడు. గావిన్ తండ్రి నన్ను చూసి గేటు దగ్గరే ఆపబోయాడు. "రానీరా," అన్నాడు ముసలాయన.

ఏం చెప్పాలో కారులో పదిసార్లు అనుకున్నాను. అన్నీ పోయాయి. "మీ నాన్న పేరు దొరికింది. మా తాతే," అన్నాను.

గావిన్ తండ్రి గేటు వదిలేసి, అరుగు మీద కూర్చున్నాడు. కన్నబాబుగారి చేతిలో కత్తి ఆగింది. అంతే, మళ్ళీ గీయడం మొదలుపెట్టాడు.

"ఎలా తెలిసినాది?"

"రాహేలమ్మ మోసింది కదా మిమ్మల్ని."

"ఊఁ."

"నన్ను క్షమించండి. నేను అలా అడగకూడదు. పిల్లల పెళ్ళి ఆపకండి. మీరు ఎలా చెబితే అలా చేస్తాను."

ఆయన కట్ట బిగించి, పక్కన పెట్టి, అప్పుడు నా మొహం చూశాడు. మా నాన్న కళ్ళు! ఆ రోజు బొండం తాగుతూ కూర్చున్నదాన్ని, ఎలా చూడలేదు?

"పేరు సెప్తేనే పెళ్ళన్నావు. నీ మాట నాకు నచ్చినాది. అదే నా మాట కూడాను. పేరు సెప్తేనే పెళ్ళి."

"చెప్పాను కదండీ ఇప్పుడు."

"నా పెరట్లో సెప్పినావు. మా యమ్మ మోకాళ్ళు నా పెరట్లో అరిగిపోనేదు. కోయిల్లో అరిగినాయి. వచ్చే నెల రెండో ఆదివారం పూజ ఉన్నాది. అందరూ ఉంతారు. నువ్వడిగిన పేరు నువ్వే అక్కడ సెప్పు. ఆ మర్నాడే మావోడు పెళ్ళి మాటలకి మీ ఇంటికొస్తాడు."

"అక్కడ తాత పేరు మీద హాలు…"

"ఉండనీ. నాను దాన్ని ముట్టుకోమన్నానేటి?"

బతిమాలాను. ఏడ్చాను కూడా. ఆయన నాకు నీళ్ళు తెప్పించి ఇచ్చాడు, కోప్పడలేదు, ఒక్క మెట్టు దిగలేదు.

ఆగస్టు 24

చెప్పను. ఎలా చెబుతాను? నాకు అక్షరాలు దిద్దించిన మనిషి.

ఆగస్టు 31

స్వాతంత్ర్య దినం, వీధంతా జెండాలు. షెర్లీ పక్కింటి పిల్లలకి జెండా కట్టి ఇచ్చి, లోపలికొచ్చి తలుపు వేసుకుంది. బక్కచిక్కిపోయింది. రెండు మూడు వారాల్లో గావిన్ సామాను సర్దుకుంటాడట.

సెప్టెంబర్ 6

జార్జ్ వచ్చాడు. నువ్వు ఆ పని చేస్తే నాకు అక్క లేదనుకుంటానన్నాడు. బాబుని నా ఒళ్ళో పెట్టకుండానే తీసుకెళ్ళిపోయాడు.

సెప్టెంబర్ 13

చెప్పకపోతే కూతురు పోతుంది. చెబితే తాత పోతాడు, తమ్ముడు పోతాడు. తాత ముందే పోయాడు. కానీ నిజంగా ఇప్పుడే పోతున్నట్టుంది.

రేపు ఏ చీర కట్టుకోవాలి? చూడు, ఇదీ నా బుద్ధి.

సెప్టెంబర్ 14, ఆదివారం

చెప్పాను.

పూజ అయ్యింది. ప్రకటనలు చదివాక, ఫాదర్ దగ్గరికి వెళ్ళి ఒక మాట చెప్పాలన్నాను. ఆయన తమిళాయన, కుర్రవాడు, పెళ్ళి కబురేమో అనుకుని నవ్వుతూ మైకు ఇచ్చాడు. ఎదురుగా యాభై అరవై మంది. కన్నబాబుగారు మూడో బెంచీలో, కొడుకు, గావిన్ పక్కన. రూబన్, షెర్లీ వెనక. షెర్లీకి పొద్దున కారులో అంతా చెప్పాను. అప్పటి నుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంది. జార్జ్ రాలేదు.

ఏం చెప్పానో వరసగా గుర్తు లేదు. నేను ఉపదేశి దేవసహాయంగారి మనవరాలిని అన్నాను. కన్నబాబుగారి తండ్రి ఎవరని ఆయన ఇంటికెళ్ళి అడిగానన్నాను. "ఆయన మా తాత కొడుకు. పెద్ద కొడుకు. దాలమ్మగారిని ఈ గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద ఉంచింది కూడా మా తాతే. ఆ తప్పులో ఆమెది సగమైతే ఆయనది సగం. శిక్ష మాత్రం మొత్తం ఆమెకే వేశాడు." తర్వాత మైకు ఈలవేసింది, నేను ఆపేశాను.

ఫ్యాను తిరుగుతోంది. పైకప్పు కూలుతుందని ఎదురుచూశాను, నిజంగానే. ఎవరైనా లేచి వెళ్ళిపోతారని, ఎవరైనా అబద్ధం అని అరుస్తారని. ఎవరూ కదల్లేదు. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. ఇద్దరు ముసలివాళ్ళు విసనకర్రలు ఊపుకుంటున్నారు.

ముందు బెంచీలోంచి జయమణి ముసలమ్మ అంది: "అయ్యిందా తల్లీ? ఇంక కూకో. కాళ్ళు వణుకుతున్నాయి నీకు."

నేను అలాగే నిలబడ్డాను.

"ఓలమ్మో, ఏటలా సూస్తావు? మేనత్త మోసిన బిడ్డ ఎవులి బిడ్డో ఎస్టేటుకి తెలీదేటి?" అందామె. "నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. మా యమ్మ కొంగట్టుకుని ఇక్కడే ఉన్నాను. బిడ్డని ఎత్తడానికి ఒక్కరూ లెగనేదు. ఫాదర్ నీళ్ళు పట్టుకుని నిలుసున్నాడు. మీ తాత కొవ్వొత్తి పట్టుకుని పక్కనే ఉన్నాడు. రాహేలమ్మ ఆడోళ్ళలోంచి లెగిసి వచ్చినాది, గుమ్మం కాడికెళ్ళి దాలమ్మ చేతిలోంచి గుంటణ్ణి తీసుకున్నాది, అన్న మొగం సూసుకుంతానే నడిసినాది. అందరం సూసినాం. ఇంకేటి సెప్పాల? అది సెప్పినట్టే కదా. ఫాదర్ ఒక్కడికే అర్థమవనేదు."

"మరి మీరెవరూ…" అన్నాను.

"మాకేటి? మీ ఇంట్లోవోళ్ళకే తెలీకుండా ఉన్నాది."

అందరికీ తెలుసు! ఇన్నేళ్ళూ అందరికీ తెలుసు! తెలిసే ఆయన చేత జపాలు చెప్పించుకున్నారు, తెలిసే ఆయన శవం మోశారు, తెలిసే హాలుకి ఆయన పేరు పెట్టారు, తెలిసే క్రిస్మస్‌కి మా ఇంటికొచ్చి ఆ మోకాళ్ళ కథ విని, అరిసెలు తిని వెళ్ళారు. ఈ నెల రోజులూ నేను గుండెలు బాదుకుని ఎవరి దగ్గర దాచానో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. రాహేలమ్మ మామ్మ మా గుమ్మం ఎందుకు తొక్కలేదో మాత్రం అర్థమైంది.

ఫాదర్ కంగారుగా తమిళంలో ఏం జరిగిందని ఎవరినో అడుగుతున్నాడు. నేను నడిచి వచ్చాను. ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. షెర్లీ అప్పటికే వెళ్ళి గావిన్ పక్కన కూర్చుంది, ఏడుస్తోంది, అందరికీ వినపడేలా. కన్నబాబుగారు కొంచెం జరిగి బెంచీ మీద చోటిచ్చాడు. కూర్చున్నాను.

"మీకూ తెలుసు కదా," అన్నాను మెల్లగా.

"తెలుసు. మీ ఇంటి నోట ఇనాలని."

జపమాల జేబులో పెట్టుకుంటూ, "పెళ్ళెప్పుడు పెట్టుకుందాం బిడ్డా?" అన్నాడు.

"మీ ఇష్టం పెదనాన్నా."

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా వైపు వంగాడు. "ఏటన్నావు?"

వినపడింది ఆయనకి. కళ్ళు చూస్తే తెలుస్తోంది, బాగానే వినపడింది.

మళ్ళీ అన్నాను.